అంకెలు వేసేవాడు

పడ్డ సంగతి నాకు గుర్తులేదు.
గుర్తున్నది నాకంటే ముందు గొడ్డలి పడిన చప్పుడు,
మొహానికి తగిలిన ఎండుగడ్డి వాసన,
తలకిందులుగా బెల్మిరో ముఖం,
"కదలకు, కదలకు" అంటూ
తానే గజగజ వణికిపోతూ.

అది జులై. అలెంతేజులో జులై అంటే
కార్క్ చెట్లు బెరడు వదిలే నెల.
గొడ్డలి దిగినప్పుడు పొడిగా కిర్రుమంటే
చెట్టు ఇవ్వనంటోందని,
లోపల ఏదో బోలుగా పలికితే సరేనంటోందని
మా మామ నేర్పాడు.
లోతుగా కొడితే తల్లిపొరకు గాయం,
ఆ చోట మళ్ళీ మంచి బెరడు రాదు.
ఇరవై రెండేళ్ళలో నేను గాయపరిచిన చెట్లు నాలుగు.
అవి ఎక్కడున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఎవోరా ఆస్పత్రిలో ఎక్స్‌రే చూపించారు.
నడుం దగ్గర ఒక పూస,
మూటకింద నలిగిన రొట్టెలా ముందువైపు అణిగిపోయి.
"అదృష్టవంతుడివి, కాళ్ళు కదులుతున్నాయి" అన్నారు.
కదిలాయి. నిజమే.
మూడు నెలలు ప్లాస్టిక్ కవచంలో
యుద్ధం లేని సైనికుడిలా పడుకున్నాను.
దెయొలిందా నాకు సాక్సులు తొడిగేది
మొదట్లో ఏడుస్తూ,
తర్వాత ఊరి కబుర్లు చెబుతూ,
చివరికి ఏమీ అనకుండా, అలవాటుగా.
ఆ మూడోదే ఓర్చుకోలేకపోయాను.

కాసేపు నడుం వాలుస్తానని
ఎంత తేలిగ్గా అనేవాణ్ణి!
ఇప్పుడు అదొక పని.
ముందు మోచెయ్యి, తర్వాత తుంటి,
మోకాళ్ళు రెండూ జంటగా, చిట్టచివర తల.
లేవాలంటే అదే దారి వెనక్కి.
ఒళ్ళు వంచి పనిచేసేవాడే మనిషని నాన్న అనేవాడు.
ఒళ్ళు వంగదు నాన్నా.
పని మాత్రం కావాలి.

బీమా కంపెనీ డాక్టరు నన్ను నడిపించాడు,
వంగమన్నాడు, కాగితం మీద రాశాడు:
పందొమ్మిది శాతం.
ఏ పందొమ్మిది అని అడుగుదామనుకున్నాను.
బూట్ల లేసులు కట్టుకునేదా,
చెల్లెలి కొడుకుని భుజాన ఎత్తుకునేదా,
ఇరవై నిమిషాలు దాటి కుర్చీలో ఉండలేనిదా?
"తేలికపాటి పని చేయవచ్చు" అని కూడా రాశాడు.
అది ఎక్కడ దొరుకుతుందో రాయలేదు.

ఒక చలికాలం సూపర్‌మార్కెట్ గేటు దగ్గర కాపలా.
ఇంకో ఏడాది బిరడాల ఫ్యాక్టరీలో ఏరేవాళ్ళ బల్ల దగ్గర.
నిలబడితే కూర్చోవాలి,
కూర్చుంటే పడుకోవాలి,
పడుకుంటే
తోటలో గొడ్డళ్ళు వినిపించేవి.

ఇప్పుడు నా పని అంకెలు వేయడం.
ఒలిచిన మానుమీద తెల్లరంగుతో
ఆ ఏడాది చివరి అంకె.
తొమ్మిదేళ్ళ దాకా దాన్ని ముట్టకూడదని గుర్తు.
కూలి, గొడ్డలివాడి దాంట్లో సగానికి కాస్త తక్కువ.
నీకూ అలాగే అంతా మళ్ళీ వస్తుందని
పాదరీగారు అన్నారు ఒకసారి.
చెట్టుకి బెరడు వస్తుంది.
నాకు వచ్చింది రెండు వేళ్ళ పొట్టితనం.
ప్యాంట్లన్నీ మడమల కింద ఈడుస్తున్నాయి.

నిన్న మా వరస ఆ చెట్టు దగ్గరికి వచ్చింది.
ఎవరూ ఏమీ అనలేదు.
మానుమీద నేను వెయ్యని అయిదు
వెలిసిపోయి, పగుళ్ళలో సాగిపోయి.
నన్ను అంబులెన్సు ఎక్కించాక
వెనక్కి వచ్చి మిగతాది ఒలిచారన్నమాట.
తొమ్మిదేళ్ళకి తెలిసింది.
కోపం రాలేదు.
చెట్టుని సగం ఒలిచి వదిలేయకూడదు కదా.

బెల్మిరోకి ఇప్పుడు జతగాడు ఎల్దర్ అనే కుర్రాడు.
వాడు గొడ్డలి దింపాడు.
నాకు వినిపించింది, వాడికి వినిపించలేదు.
"ఇంకాస్త ఎడమకి," అన్నాను.
"లోతుకి వద్దు. మొన తిప్పు."
పలక ఊడింది, మనిషంత పొడవున,
కింద మాను తడిగా, లేత గులాబీ రంగులో.

అంకె వేస్తుంటే కుంచె జారిపడింది.
ఎల్దర్ వంగబోయాడు.
బెల్మిరో వాడి చొక్కా పట్టుకుని ఆపాడు.
మానుకి ఒక చెయ్యి ఆనించి
ముందు ఒక మోకాలు, ఆగి, రెండోది.
అందరూ నీళ్ళు తాగుతూ ఎటో చూశారు.
లేచేసరికి
వేసినంత రంగు ఆరిపోయింది.

నాలుగు కొంచెం వంకరగా వచ్చింది.
తొమ్మిదేళ్ళు ఉంటుంది.